అధ్యక్షుడి తల్లి గది

మాజీ అధ్యక్షుడు పుట్టిన ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లను గైడు సాయంత్రాలే తిప్పేది. ఆయన చదివిన బడి, క్షవరం చేయించుకున్న కొట్టు, తొలి ఉపన్యాసమిచ్చిన కూడలి, ఆఖరున ఆయన ఇల్లు. ముసలాయన రాజధానిలోనే ఉండిపోయాడు. తల్లి పోయాక మళ్లీ ఈ గడప తొక్కలేదు.

ఇంటి తాళాలు గైడు ఆడపడుచు దగ్గర ఉండేవి. ఆ ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

“మేడ మీద ఆ తల్లి ఊసెత్తకు,” అంది ఆడపడుచు, తలుపు తీస్తూనే.

“జనం కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు వదినా. నీకెందుకు కడుపుమంట?”

“నాకు కాదే. ఆవిడ వింటుంది.”

గైడు మూతి విరిచి అందర్నీ మేడెక్కించింది.

బయట మబ్బు కమ్మింది. గదికి ఒకటే కిటికీ, దానికి ఇనుప చువ్వలు. చెమ్మెక్కిన సున్నం, మాసిన పరుపు, ఎప్పుడో ఒలికిన మందు... అన్నీ కలిసిన వాసన. గైడు అలవాటైన గొంతుతో మొదలెట్టింది.

“మతి తప్పిన తల్లికి ఆఖరి రోజు దాకా ఆయనే ముద్దలు కలిపి పెట్టాడు. ఈ మంచం మీదే, కొడుకు ఒళ్లో కన్నుమూసింది.”

మంచం కింద ఏదో గీరింది.

“ఎలుకలండీ,” అని నవ్వింది గైడు. మందు వాసన గొంతుకు అడ్డం పడేంతగా చిక్కబడింది.

“పదండి, దిగుదాం.”

అందరూ దిగారు. వెనకాల నిలబడ్డ గైడు చెవి పక్కన చల్లటి ఊపిరి తగిలింది.

“ముద్దలా...? ఎవడు పెట్టాడే?”

తలుపు మూసుకుంది. అవతల గడియ పడింది.

ఆమె తలుపు బాదింది. అరిచింది. కిటికీ దగ్గరికి పరుగెత్తింది. కింద వీధిలో జనం బుద్ధిగా నడిచిపోతున్నారు. వాళ్ల ముందు ఒకామె చెయ్యెత్తి ఏదో చూపిస్తోంది. అదే జడ. అదే నడక. గాలికి తేలి వచ్చిన గొంతు... తనదే.

“వదినా! నేనిక్కడ!”

కింద వీధి తలుపుకు తాళం పడింది. ఆడపడుచు తల ఎత్తకుండా వెళ్లిపోయింది.

గదిలో ఇక ఏ చప్పుడూ లేదు. ఆమెకు అదే ఎక్కువ భయమేసింది. ఇంతకాలం ఇందులో ఉన్నది ఇప్పుడు ఇందులో లేదు.

తెల్లారి ఊడవడానికి వచ్చిన ఆడపడుచు, గడియ తీసి చూసి కొయ్యబారిపోయింది. లోపల మరదలి గోళ్లు చితికి ఉన్నాయి. గొంతు పూర్తిగా పోయింది.

“నిన్న... అందరూ వెళ్లారు, తాళం వేసుకోమని నువ్వే కదా చెప్పావ్? ఎన్నడూ లేంది నా చెయ్యి పట్టుకుని నవ్వావ్. నీ చెయ్యి మంచులా ఉంటే... వానగాలికేమో అనుకున్నా.”

“ఇంటికి ఫోన్ చెయ్యి వదినా,” గుసగుసలాడింది గైడు. “పాప...”

ఆడపడుచు తమ్ముడికి ఫోన్ చేసింది. అతను నిద్రమత్తులో ఎత్తాడు.

“నీ మరదలా? రాత్రంతా పాపనే చూస్తూ కూర్చుందక్కా, రెప్ప వేస్తే ఒట్టు. ఇప్పుడే పాపని చంకనేసుకుని బయల్దేరింది. రాజధాని రైలుకి టైమైందట, కొడుకుని చూసొస్తానంది. ఏ కొడుకక్కా? మాకున్నది పాప ఒక్కతేగా...?”