రోబోనా, డాక్టరు చెయ్యా?

కొంటా ఆసుపత్రిలో నర్సు ప్రశాంతిని అందరూ 'సిస్టర్' అనే పిలుస్తారు. బైకు మెకానిక్ రాజశేఖర్ ఒక్కడే 'మేడం' అంటాడు. ఎందుకని అడిగితే అతని చెవులు ఎర్రబడతాయి.

ఆయాసమని భద్రాచలంలో తీయించుకున్న ఎకో రిపోర్టు ఆమె ముందు పెట్టాడు.

"గుండెల రంధ్రం ఉందంట మేడం. మీరు దాంట్లకెల్లే లోపలికొచ్చినట్టున్నరు."

ప్రశాంతి తలెత్తలేదు. "అది పుట్టుకతోనే ఉంది. నేను డ్యూటీల చేరి మూడు నెలలే. మజాక్ బంద్ చేసి హైదరాబాద్ పోండి."

తల్లి సారలమ్మను తీసుకుని వెళ్ళాడు. అక్కడి డాక్టరు రెండు దారులు చెప్పాడు. ఛాతీ ఎముక తెరిచి చేతులతో చేయడం ఒకటి. పక్కటెముకల మధ్య చిన్న గాట్లు పెట్టి రోబోతో చేయడం రెండోది.

"మిషనుకు నా కొడుకు గుండె అప్పజెప్తవా సారూ? నడుమ కరెంటు పోతేనో?" అంది సారలమ్మ.

డాక్టరు నవ్వాడు. "కరెంటు పోదమ్మా. రోబో దానంతటది ఏం చెయ్యదు. నేనే కూర్చుని దాని చేతులు ఆడిస్తాను."

వారంలో ఏదో ఒకటి తేల్చుకుని రమ్మన్నాడు.

కొంటాకు తిరిగొచ్చిన రోజే, జోరువానలో తడుస్తూ, రాజశేఖర్ ఆసుపత్రికి పరుగెత్తాడు.

"రోబోతోనే చేయించుకుంట మేడం."

"డాక్టరు ఏది మంచిదన్నరు?"

"రోబోతో చేస్తే, గుండె ఆపినంకసేపు రక్తం తిప్పే మిషను గొట్టాలు కాళ్ళకెల్లి ఎక్కియ్యాల్నంట. నా కాళ్ళ రక్తనాళాలు సన్నంగున్నయంట. రోబోతో మొదలుపెట్టినా నడుమల ఛాతీ తెరవాల్సి రావచ్చంట. ముందే తెరుసుడు మేలన్నడు. కానీ ఇష్టం నాదే అన్నడు."

"మరి ఏంది మీ మొండితనం?"

"గొంతు కింద నుంచి ఇంత పొడుగు మచ్చ పడ్తది."

"ఎవరు చూస్తరని?"

వాన రేకుల మీద దబదబా కొడుతోంది. "నేను కట్టుకోబోయే పిల్ల," అన్నాడు మెల్లగా.

"ఆ పిల్ల ఒప్పుకుందా?"

"ఇంకా అడగలే. అడిగితే ఇంజెక్షన్ పొడుస్తదని భయం."

ప్రశాంతికి నవ్వు రావాల్సింది. రాలేదు.

"ఆ పిల్లకు మచ్చతో పనిలేదు. మీరు తిరిగి రావాలె. అంతే." కళ్ళు తుడుచుకుని, "బీపీ చూడాలె, చెయ్యి ఇవ్వండి," అంది.

అతను చెయ్యిచ్చాడు. ఆమె రెండు చేతులతో పట్టుకుంది. బీపీ మిషను బల్ల మీదే ఉండిపోయింది.

మరుసటి సోమవారం హైదరాబాద్‌లో డాక్టరు చేతులతోనే ఆపరేషన్ చేశాడు. రంధ్రం మూతపడింది. ప్రశాంతి సెలవు పెట్టి వచ్చి, వార్డులో అతనికి జావ తాగిస్తుంటే సారలమ్మ కాసేపు చూసింది.

"వీని పెళ్ళి ఎప్పుడు పెట్టుకోవచ్చు బిడ్డా?"

"మూడు నెలలు బరువులెత్తొద్దు అత్తమ్మా," అనేసి, ప్రశాంతి నాలుక కరుచుకుంది.

సారలమ్మ మొహం వెలిగిపోయింది. "నిన్నేమన్న ఎత్తుకోమన్ననా? కట్టేది పసుపుతాడే కదనే!"

రాజశేఖర్‌కి నవ్వు ఆగలేదు. నవ్వితే కుట్లు లాగుతున్నాయి. ప్రశాంతి గబగబా దిండు తెచ్చి అతని ఛాతీకి అదిమి పట్టింది. "ఇక నవ్వండి," అంది.