దేవానందం గారి ఓడ గంట

అల్వాల్‌లో దేవానందం గారి ఇల్లున్న గల్లీలోకి పొద్దుగూకాక ఎవరూ అడుగుపెట్టరు. కూరగాయల బండివాడు సైతం మలుపు దగ్గరే ఆగి కేకేస్తాడు. ఏ గల్లీ అని మాత్రం నన్నడగకండి. నేను చూడలేదు... మా బావ తుకారాం చెప్పగా విన్నాను. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఆటో నడిపే మనిషి, ఉన్నదానికి కాస్త కలిపి చెప్పడం ఆయనకు అలవాటే. ఈ సంగతిలో మాత్రం ఏమీ కలపలేదు.

దేవానందం గారు విక్రాంత్ మీద పనిచేసిన నావికుడు. విమానాలను మోసిన ఆ యుద్ధనౌక పేరు మీరు వినే ఉంటారు. డెబ్బై ఒకటి యుద్ధంలో పోరాడింది. తొంభై ఏడులో కొలువు చాలించింది. కొన్నేళ్లు ముంబైలో జనం వచ్చి చూసిపోయే ప్రదర్శనశాలగా ఉండి, చివరికి తుక్కు కింద పోయింది. ఓడ పోయినా ఆయనకు అలవాటు పోలేదు. ముందుగదిలో ఇత్తడి గంట కట్టుకుని, ఓడలో మాదిరే అరగంటకోసారి కొట్టేవారు.

కిందటి వేసవిలో ఆయన కన్నుమూశారు. భార్య మేబెల్ గారు ఇంటికి తాళం వేసి విశాఖలో చెల్లెలి దగ్గరికి వెళ్లారు. కరెంటు కూడా తీయించేశారు.

గంట మాత్రం ఆగలేదు.

రోజూ చీకటి పడగానే మొదలు. ఆరున్నరకు ఒకటి. ఏడింటికి రెండు. ఏడున్నరకు మూడు. ఎనిమిదింటికి... నాలుగు అనుకుంటున్నారు కదూ? కాదు, ఎనిమిది. ఆయన బతికుండగా ఎవరూ లెక్కపెట్టని గంటను, పోయాక గల్లీ అంతా లెక్కపెట్టింది. నడుమ తప్పిపోయిన దెబ్బలు ఎవరి వీపు మీద పడతాయోనని వణికింది.

తుకారాం కూతురు, మా మేనకోడలు సృజన ఇంటర్ రెండో ఏడు. లెక్కల ట్యూషన్‌కు ఆ గల్లీలోంచే పోయి రావాలి. ఇంకో దారి అంటే లారీలు తిరిగే పెద్దరోడ్డే. పరీక్షలు రెండు నెలలున్నాయనగా, పిల్ల పుస్తకాలు మూలకు పెట్టి "నేను పోను" అంది.

మా చెల్లెలు లచ్చమ్మ మొగుడి వైపు చూసింది. "లెక్కలల్ల తప్పితే పోరి చదువు బందే. స్టేషన్‌ల అందరి మీద లొల్లి చేస్తవ్ గద... జెర ఆ దెయ్యం మీద సుత చెయ్యి."

ఆ సాయంత్రం ట్యూషన్ అయ్యాక తండ్రీ కూతురూ ఇంటిదారి పట్టారు. పైపుల కోసం గల్లీ తవ్వేశారు, ఆటో పోదు. వీధి దీపం లేదు. తానే ముందు నడిచానని తుకారాం అంటాడు... వెనకే నడిచాడని సృజన అంటుంది.

ఇంటి ముందుకు వచ్చేసరికి ఎనిమిదైంది.

టంగ్ టంగ్...

"నాయినా, చెయ్యి నొస్తుంది. మెల్లగ పట్టుకో."

"నేనేడ పట్టుకున్న? నువ్వే పట్టుకున్నవ్."

టంగ్ టంగ్... టంగ్ టంగ్...

ఆరు. ఏడో దెబ్బ పడలేదు. చీకట్లో పెద్ద తుమ్ము వినిపించింది. ఆ తర్వాతే — టంగ్ టంగ్.

సృజన ఆగిపోయింది. "దెయ్యానికి జలుబైతదా నాయినా?"

"గవన్నీ ఇప్పుడెందుకే... నడువ్."

పిల్ల నడవలేదు. గేటు తోసి, ఇంటి పక్కనుంచి పెరట్లోకి వెళ్లింది. కూతుర్ని వదిలి పోలేక తుకారాం కూడా వెళ్లాడు. వెనక తలుపు ఓరగా తీసి ఉంది. సృజన ఫోను లైటు వేసింది.

గంట పక్కన స్టూలు మీద, రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ... వెనక వీధి ఎరిక్ గారు. డెబ్బై దాటిన ఆయన దేవానందం గారితో పాటు విక్రాంత్ మీద పనిచేశారు.

"లైటాపమ్మా" అన్నారు గుసగుసగా. "ఎవరైనా చూస్తారు."

"మీరేంది తాతా, గిట్ల చీకట్ల?"

"డ్యూటీ. ఇల్లు కనిపెట్టుకోమని మేబెల్ అప్పజెప్పింది. ఖాళీ ఇల్లని తెలిస్తే దొంగలు ఊరుకుంటారా? డెబ్బై ఒకటిలో మా ఓడ కోసం పాకిస్తాన్ జలాంతర్గామి విశాఖ దగ్గర వెతికింది. మేమేమో అండమాన్‌లో ఉన్నాం. కానీ విశాఖలో మా ఓడ పేరు మీద వైర్‌లెస్ కబుర్లు, మా ఓడ పేరు మీద కూరగాయలకూ మాంసానికీ ఆర్డర్లు. లేని ఓడ ఉందని నమ్మించారు. లేని మనిషి ఉన్నాడని నేను నమ్మించలేనా?"

"మనిషున్నడని ఎవ్వరు నమ్ముతలేరు సార్" అన్నాడు తుకారాం. "దెయ్యముందని నమ్ముతున్రు."

ఎరిక్ గారు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. "దొంగలైతే రాలేదు కదా?"

"మరి మూడు తర్వాత ఎనిమిదేంది?" సృజన లెక్క వదల్లేదు.

"సాయంత్రం కాపలాను ఓడలో రెండు ముక్కలు చేస్తారమ్మా, రోజూ ఒకరికే అదే వేళ పడకుండా. అందుకని ఆరు దాటాక లెక్క మళ్లీ ఒకటి నుంచి. ఎనిమిదింటికి కాపలా దిగేటప్పుడు మాత్రం మిగతా కాపలాల్లాగే ఎనిమిది దెబ్బలు."

"రేపు అందరికీ చెప్తా. భయం పోతది."

"ఒక్కరికి చెప్పినా పొద్దున్నకల్లా అల్వాల్ అంతా పాకుతుంది. ఓడ ఎక్కడుందో మేం మా ఇళ్లలో కూడా చెప్పలేదు."

మర్నాటి నుంచి సృజన ట్యూషన్ మానలేదు. గల్లీవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఎరిక్ గారి జలుబు మాత్రం దగ్గులోకి దిగింది... ఏడున్నర దాటకుండా తిని పడుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పాడట.

మొన్న నేను వాళ్లింటికి వెళ్లాను. రాత్రి భోజనాలకు కూర్చుంటే ఒక కంచం ముందు మనిషి లేదు.

"పిల్లేదమ్మా?" అన్నాను.

లచ్చమ్మ గోడ గడియారం వంక చూసి, నా కంచంలో అన్నం వడ్డించింది.

"వస్తది అన్నా. ఎనిమిది కొట్టి వస్తది."