కథ అయ్యేదాకా

పొయ్యి మీద పాలు పెట్టి, పొంగేలోపు చదివేద్దామని ఫోన్ తెరిచింది రైటరమ్మ. వీధిలో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. కథల సైట్‌లో ఆరేళ్లుగా వారం వారం వస్తున్న సీరియల్ ఆమెదే. ఆమెది అంటే, సగమే ఆమెది. ఒక వారం ఆమె రాస్తుంది, మరుసటి వారం ఆమె భర్త రాస్తాడు. ఇవాళ్టిది మూడు వందల పదకొండో భాగం, ఆయన వంతు.

పోయిన వారం ఆమె నానా తంటాలు పడి కథలోని కోడలుపిల్లని అత్తింటి గదిలోంచి బయటికి తెచ్చింది. గొళ్లెం తీయించింది, మెట్లు దింపింది, బస్సెక్కించింది. బస్సు కదిలింది కూడా. ఇంకో రెండు భాగాల్లో కథ కంచికి వెళ్లిపోతుందని ఆ రోజు కడుపునిండా భోంచేసింది.

ఇప్పుడు చూస్తే ఆ బస్సు వీధి మలుపు దగ్గరే పంక్చరైంది. టైరు మార్చేలోగా కోడలుపిల్లకి ఇంట్లో మర్చిపోయిన సర్టిఫికెట్లు గుర్తొచ్చాయి. వెనక్కి వెళ్లింది. గదిలో అడుగు పెట్టగానే బయట గొళ్లెం పడింది. అక్కడితో భాగం అయిపోయింది.

పాలు పొంగి పొయ్యంతా పారాయి.

"ఏమండీ!"

ఆ కేకకి ముందుగదిలో బూట్ల లేసులు కట్టుకుంటున్న ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆయన లిఫ్టుల మెకానిక్. ఎక్కడ లిఫ్టు ఆగిపోయినా పరుగున వెళ్లి, లోపల ఇరుక్కున్నవాళ్లని బయటికి లాగడమే ఆయన పని.

"పంక్చరా? మొన్న వాన, అంతకుముందు జ్వరం, దానికి ముందు తప్పిపోయిన చెప్పు! నాలుగుసార్లు గడప దాటించాను. నాలుగుసార్లూ మెడపట్టి లోపలికి తోశారు."

"ఉత్కంఠ ఉండాలి కదా," అన్నాడాయన నేలచూపులు చూస్తూ.

"ఉత్కంఠ మీ పాఠకులకి. ఊపిరాడనిది నాకు!"

మంచం మీంచి అత్తగారు మెడ సాచింది. "ఏమైందే అమ్మాయ్? వెళ్లిపోయిందా ఆ పిల్ల?"

"లేదత్తయ్యా. మళ్లీ గదిలోనే."

"అయ్యో రాత! నా కళ్లకి శుక్లాలు రాకముందు లోపలికెళ్లింది. నాకు రెండు కళ్లకీ ఆపరేషన్లయ్యాయి, అది మాత్రం ఇంకా బయటికి రాలేదు. నాకా ఎనభై దాటాయి. ఏ రోజు కథ ఆ రోజు తేల్చేస్తే హాయిగా పోదును. ఈ తరువాయి పెట్టుకుని ఎలా పోనే?"

ఇంకో రోజైతే రైటరమ్మ పకపకా నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు. పన్నెండు కథలతో ఆమె పేరు మీద పుస్తకం వేస్తామని ఒక ప్రచురణ సంస్థవాళ్లు ఉత్తరం రాశారు. రాస్తుందో రాయదో ఆమె ఈ సాయంత్రంలోగా చెప్పాలి. కూర్చున్నచోట మొదలై లేచేలోపు ముగిసే కథలంటే ఆమెకి ప్రాణం. కానీ ఈ సీరియల్ ఉండగా అవి ఎలా రాస్తుంది? తన వంతు వారం రాయడంతో సరిపోతుంది. ఆయన వంతు వారం, ఆయన విప్పిందాన్ని మళ్లీ ఎలా కుట్టాలా అని తల పట్టుకోవడంతో సరిపోతుంది. ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య ఇరికించిన ఆ చిన్న బల్ల ముందు, మోచెయ్యి కదపడానికి కూడా చోటు లేకుండా, ఆరేళ్లుగా ఆ కోడలుపిల్లతోపాటు ఆమె కూడా బందీ అయిపోయింది.

ఆయన సంచీ భుజానికి తగిలించుకుని లేచాడు. ఆమె వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఇవాళ తేలాలి. దీన్ని ఎందుకు ముగించనివ్వరు?"

"చిన్న కథల్లో ఏముందోయ్? చదువుతారు, మర్చిపోతారు. ఇదైతే ఎదురుచూస్తారు. మొన్న ఎనిమిదో అంతస్తు దగ్గర ఇరుక్కున్నావిడ, తలుపు తీయగానే ఏమడిగిందో తెలుసా? ఆ పిల్ల బయటపడుతుందా అని!"

"ఆవిణ్ణి పావుగంటలో బయటికి తీశారుగా! మరి ఆ పిల్లనీ నన్నూ ఆరేళ్లెందుకు లోపల ఉంచారు? నా పన్నెండు కథలూ నాలోనే ఉక్కిరిబిక్కిరై చావాలా? అప్పుడేమో నా నోటుపుస్తకాలు పాత పేపర్లవాడికి వేసేశారు. ఇప్పుడు..."

నాలుక కరుచుకుంది. ఎన్నో ఏళ్లుగా ఆ మాట ఎత్తలేదు. ఎత్తకూడదనీ అనుకుంది.

ఆయన ముఖం పాలిపోయింది. సంచీ కింద పెట్టి, ఉన్నచోటే కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ రోజే," అన్నాడు మెల్లగా. "గోడలకి రంగులు వేయిస్తూ, చూసుకోకుండా నీ కథల పుస్తకాలన్నీ వేసేశాను. నువ్వు బట్టలు సర్దుకుని, సరిగ్గా ఇప్పుడు నిలబడ్డచోటే నిలబడ్డావు. పోయినవాటికి బదులు మనిద్దరం కలిసి ఒకటి రాద్దామని బతిమాలాను. నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.

"నాకుంది," అంది అత్తగారు. "'ఈ కథ అయ్యేదాకా ఉంటాను. అయిన మర్నాడు నా దారి నాది' అన్నావు. నేనిక్కడే కూర్చున్నాను."

రైటరమ్మ తలుపుకి అడ్డు తొలిగి ఆయన దగ్గరికి వచ్చింది. కోపంలో ఎన్ని అనలేదు! మూడో భాగం రాసేసరికే ఆ కోపం పోయింది. నాలుగో భాగానికి ఇద్దరూ టీ తాగుతూ కడుపుబ్బ నవ్వుకున్నారు. కోపం పోయిందని ఆమె విడిగా చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు.

"నాకు కథలు రాయడం రాదు," అన్నాడాయన. "రెండంతస్తుల మధ్య ఆగిపోవడం ఒక్కటే తెలుసు. ఆ పిల్ల బస్సెక్కి వెళ్లిపోతే, మర్నాడు నువ్వూ... అందుకే లాక్కొచ్చేవాణ్ణి. ఇంకో వారం ఉంటుందిలే, ఇంకో వారం ఉంటుందిలే అనుకుంటూ..."

"ఒక్కమాట అడగొచ్చుగా!"

"అడిగితే అవునంటావేమోనని భయమేసింది."

ఆమెకి కోపం, జాలి రెండూ కలిసి కట్టలు తెంచుకున్నాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గదిలో తనొక్కతే ఉందనుకుంది ఇన్నాళ్లూ. ఈ మనిషి కూడా అదే గదిలో, ఇంకో మూల గోడకి వీపు ఆనించుకుని కూర్చున్నాడని ఆమెకి తెలియలేదు.

కళ్లు తుడుచుకుని, బల్ల మీది కాగితాలు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"వచ్చేవారం వంతు నాది. మీకిస్తున్నాను. ముగించండి."

ఆయన పనికి గంట ఆలస్యమవుతుందని ఫోన్ చేసి చెప్పాడు. మొదటి వాక్యానికే పావుగంట పట్టింది. కథలోని అత్తగారు తనే లేచి గొళ్లెం తీసిందని రాశాడు. టైరు మార్చిన బస్సు ఇంకా మలుపులోనే ఉందని రాశాడు. కోడలుపిల్ల వెనక్కి తిరగలేదని రాశాడు. చివర "అయిపోయింది" అని ఎంత గజిబిజిగా గీశాడంటే, ఆ మాట ఆయనకి తప్ప ఎవరికీ అర్థం కాదు.

"ఇప్పుడు?" అని తలెత్తాడు. కళ్లు అల్మారా మీదున్న సూట్‌కేసు వైపు వెళ్లాయి.

"ఇప్పుడేముంది? ఇవాళ ఉంటాను."

"మరి రేపు?"

"రేపటి సంగతి రేపు పొద్దున అడగండి. ఎల్లుండిది ఎల్లుండి."

"రోజూ అడగాలా?"

"రోజూ అడగాలి. ఆరేళ్లు మింగేసిన మాట కదా, అలవాటవ్వాలి!"

"ఇది బావుందిరా," అంది అత్తగారు, మంచం మీంచి. "ఏ రోజుది ఆ రోజు."

సాయంత్రం కాకముందే రైటరమ్మ ఆ సంస్థకి "రాస్తాను" అని జవాబిచ్చింది. ఫ్రిజ్‌ని ఆయనే రెండడుగులు పక్కకి జరిపాడు.

మర్నాడు పొద్దున పొయ్యి మీద పాలు ఉన్నాయి. ఆయన బూట్లు తొడుక్కోకుండానే వచ్చి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. పెళ్లిచూపులకి వచ్చినవాడిలా చెమటలు పడుతున్నాయి.

"ఇవాళ ఉంటావా?"

ఆమె పొయ్యి కట్టేసి, ఆయన వైపు తిరిగింది.

"ఉంటానండీ."

ఆయన అక్కడే, గుమ్మానికి ఆనుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.