ఏమీ తెలియని రక్తం

సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. గ్రోనింగెన్ ఊరి కాలువ గట్టున చేపల బండి ముందు ఓడ వంటవాడు నానో కూలిపోయాడు. చేతిలోని హెరింగ్ ముక్క ఇంకా కొరకనేలేదు.

మర్నాడు హేగ్‌లో గూఢచారి శాఖ చీఫ్ కోర్నేలియా అతని ఫోటో బల్ల మీద పడేసింది.

"ఎవరో తెలుసా, రైనీర్?"

"చచ్చినవాడు."

"హాస్యం తర్వాత. కె-నైన్ వైరస్ సోకి బతికిన ఒకే ఒక్కడు."

కె-నైన్ ఒక విదేశీ ముఠా తయారీ. ఊపిరితిత్తుల్లో కాపలా కణాలుంటాయి. మామూలు వైరస్ రాగానే అవి గంట కొట్టి సైన్యాన్ని పిలుస్తాయి. కె-నైన్ ముందుగా ఆ గంట తాడే కోస్తుంది.

"నానో ఒంట్లోని కణాలు ఎలాగో గెలిచాయి. శత్రువు ముఖం గుర్తు పెట్టుకున్నాయి. వాటినుంచే మందు తీయాలి. అవి ఒక్క ట్యూబులో, గ్రోనింగెన్ లాబ్‌లో ఉన్నాయి. అక్కడ ముఠా మనిషి ఉన్నాడు. ట్యూబు పోతే ఈ దేశం వాళ్ళ కాళ్ళు పట్టుకోవాలి."

"లోపల మనవాళ్ళెవరు?"

"డాక్టర్ రోసలిండ. గుర్తుమాటగా, వాన ఆగేలా ఉందా అని అడుగు."

సోమవారం రైనీర్ ఫ్రీజర్ మెకానిక్ వేషంలో లాబ్‌లో దిగాడు. స్క్రూడ్రైవర్ పిడిలో కెమెరా. ఎర్ర కోటు విప్పుతున్న రోసలిండ అతన్ని ఎగాదిగా చూసింది. ఆ చూపుకు ఏ మగవాడైనా స్క్రూల లెక్క తప్పుతాడు.

"వాన ఆగేలా ఉందా, డాక్టర్‌గారూ?"

"ఆగితే ఇది గ్రోనింగెన్ ఎందుకవుతుంది?"

అంతలో ముసలి టెక్నీషియన్ సీబ్రన్ సూది పట్టుకుని వచ్చాడు. "డాక్టరమ్మా, ఒక ట్యూబు రక్తం ఇస్తావా? కంట్రోల్‌కి ఎవరూ దొరకలేదు."

"సెలవునుంచి వచ్చి వారం కాలేదు, అప్పుడే పీల్చేస్తావా తాతా?"

"ఈ మెకానిక్‌ని అడిగితే పారిపోయేలా ఉన్నాడు. చూడు, మొహం ఎలా పాలిపోయిందో!"

ఆమె నవ్వుతూ చొక్కా చేయి మడిచింది, ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టింది. అక్కడ అది ఆనవాయితీ. చచ్చిన వైరస్ ముక్కలను నానో రక్తంతో కలిపి, పక్కనే ఆ వైరస్ ఎరగని రక్తంతోనూ కలుపుతారు. కంట్రోల్ అంటే అదే. వైరస్‌ను గుర్తుపట్టిన రక్తం ప్లేటు మీద నల్లచుక్కలు వేస్తుంది, ఏమీ తెలియని రక్తం ఊరుకోవాలి. ఆ రక్తం కోసం అక్కడివాళ్ళు ఒకరికొకరు చెయ్యి చాపుతూనే ఉంటారు. పదేళ్ళ అలవాటు కాబట్టి ఆమె ఆలోచించలేదు.

మంగళవారం ఆమె రైనీర్‌కి ఒక చీటీ ఇచ్చింది. ఆదివారం పొద్దున పదిన్నరకు కణాల గది తెరిచింది సీబ్రన్ కార్డు అని అందులో ఉంది. రైనీర్ రిపోర్టు పంపాడు. కాఫీ వేళ, అందరూ చూస్తుండగా సీబ్రన్‌ను పట్టుకుపోయారు.

"ఆ వేళకు నేను చర్చిలో ఉన్నానయ్యా! కార్డు ఇక్కడే నా కోటులో ఉండిపోయింది. పాస్టర్‌ని అడగండి!"

ఒక్క ఫోను చేస్తే తేలిపోయేది. ఎవరూ చేయలేదు. రైనీర్ కూడా ఆదివారం చర్చికి వెళ్ళేవాడే. దేవుడు కంటికి కనిపించని కణానికి మిత్రుడెవరో శత్రువెవరో తెలిసే గుణం ఇచ్చాడు. ఆ వివేకం మనిషికి ఎందుకు తక్కువ చేశాడో అతనికి ఆ రాత్రి అర్థం కాలేదు.

బుధవారం కస్టడీలో సీబ్రన్ అడిగిన మొదటి మాట: "ఆ రక్తాలు పెట్టిన నా ప్లేటు తీశారా? పదింటికి తీయాలి. ఆలస్యమైతే పాడైపోతుంది."

రైనీర్ లాబ్‌కి వెళ్ళి ప్లేటు తీయించి, దాని ఫోటో తెచ్చి చూపించాడు. ముసలాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. ఒక వరుస నిండా నల్లచుక్కలు. పక్క వరుసలోనూ అంతే.

"తప్పు. ఈ రెండోది కంట్రోల్. ఇక్కడ ఒక్క చుక్కా ఉండకూడదు."

"ఎవరి రక్తం అది?"

సీబ్రన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "డాక్టరమ్మది. మా లాబ్‌లో బతికున్న కె-నైన్ లేదు బాబూ, ముక్కలే. నానో రక్తం తప్ప ఈ దేశంలో దాన్ని గుర్తుపట్టే రక్తం లేదు. ఆ వైరస్ పుట్టిన చోటికి వెళ్ళొచ్చిందన్నమాట, ఆ పిల్ల."

"సెలవుకి."

"సెలవుకే."

రైనీర్ మళ్ళీ లాబ్‌కి పరుగెత్తాడు. కణాల గదిలో ట్యూబు లేదు. రోసలిండ కూడా లేదు. ఎమ్స్‌హావెన్ రేవు నుంచి పదకొండున్నరకు ఓడ ఉంది.

పదకొండు ఇరవై తొమ్మిదికి రైనీర్ కారు రేవులో ఆగింది. పైకి లేస్తున్న ఓడ నిచ్చెనమెట్ల మీదికి అతను దూకాడు. డెక్ చివర ఎర్ర కోటు. ట్యూబు దాచిన థర్మోస్ పట్టుకున్న చెయ్యి కమ్మీ అవతలికి చాచి ఉంది.

"ఇంకో అడుగు వేస్తే సముద్రంలో పడేస్తాను!"

"పడేయండి."

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "బెదిరింపు అనుకుంటున్నావా?"

"లేదు."

ఆమె వేళ్ళు విడిపోయాయి. థర్మోస్ బూడిదరంగు నీళ్ళలో మునిగింది.

"అయిపోయింది మీ మందు," అని నవ్వింది.

"సోమవారం మీరిచ్చిన రక్తంలో సగం మిగిలింది, డాక్టర్‌గారూ. సీబ్రన్ ఏదీ పారేయడు, ఫ్రీజర్‌లో పెట్టాడు. దానికీ కె-నైన్ ముఖం తెలుసు. వాడుకోవడానికి మీ సంతకం కూడా ఉంది."

ఆమె ముఖంలో రంగు పోయింది. "నాకు కనీసం జలుబైనా చేయలేదే!"

"మీ కణాలు మీకు చెప్పకుండానే పని ముగించాయి."

నెల తిరిగేసరికి మందుకు దారి దొరికింది. చీఫ్ కోర్నేలియాకు ప్రమోషన్ వచ్చింది. సీబ్రన్‌ను లాబ్ మళ్ళీ రమ్మంది. వెళ్ళాడు, కాని కాఫీ బల్ల దగ్గర అతని పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది. నిప్పు లేనిదే పొగ రాదుగా అన్నారు తోటివాళ్ళు.

రైనీర్ క్షమాపణ చెప్పడానికి ముసలాయన ఇంటికి వెళ్ళాడు. ఎదురింటి కిటికీలో తెర కదిలింది. సీబ్రన్ గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రమ్మనలేదు.

"మందు పనిచేస్తోందట కదా బాబూ?"

"మీ పుణ్యమేనండీ."

"సంతోషం. అనుమానానికి కూడా ఏదైనా సూది కనిపెడితే ముందు మా వీధిలో వేయించండి," అని సీబ్రన్ తలుపు వేసుకున్నాడు.