బాత్రూం ముందు బావి

మా వృద్ధుల హోంలో వరండా చివర బాత్రూం ఉందే, దాని గుమ్మం మంచిది కాదని అందరికీ తెలుసు. నేనక్కడ వంటమనిషిని. పట్టపగలు కూడా అటు తొంగిచూడను. నాలుగు నెలల్లో నలుగురు ముసలివాళ్ళు... అదే చోట పడ్డారు. కింద ఏదో ఉందట, కాలు పట్టి లాగుతుందట. మొదట పడ్డ తాతగారు తుంటి విరిగి ఆస్పత్రికి వెళ్ళారు, మళ్ళీ రానేలేదు.

ఇది రాత్రి డ్యూటీ ఆయా నాకు చెప్పిన సంగతి. ఆమెని అక్కా అని పిలుస్తాను. దెయ్యమంటే పకపకా నవ్వే మనిషి.

పడ్డ నలుగురిలో టీచరమ్మ ఒకరు. ఆవిడంటే అక్కకి ప్రాణం. పెద్ద నర్సేమో ఖరాఖండీగా చెప్పేసింది — "ఇంకోసారి పడితే రాత్రిళ్ళు మంచానికి కట్టేస్తాం."

టీచరమ్మ అక్క చెయ్యి వదలకుండా ఒకటే ఏడుపు. "కట్టనివ్వకే తల్లీ."

అక్క ఏం చేస్తుంది మరి? ఆ రాత్రి స్టూలు వేసుకుని ఆ గుమ్మం దగ్గరే కాపలా కూర్చుంది.

వరండా మొత్తానికి ఒక్కటే గుడ్డి బల్బు. రెండు దాటాక టక్... టక్... వాకర్ చప్పుడు. టీచరమ్మ. అక్క లేచి ఎదురుగా నిలబడింది. ఆవిడ రెండడుగుల దూరంలో ఆగిపోయింది.

"బావి..." అంది, గొంతు తగ్గించి.

"ఎక్కడమ్మా?"

"నీ కాళ్ళ కిందే. ఎలా నిలబడ్డావే... మనిషివేనా నువ్వు?"

అక్కకి కిందికి చూసే ధైర్యం చాల్లేదు. అంతలో టీచరమ్మ వాకర్ వదిలేసి, బావి దాటడానికి కాలెత్తింది—

అక్క ఒక్క ఉదుటున పట్టుకుంది. ఇద్దరూ కూలబడ్డారు. అక్క కింద, ఆవిడ పైన. దేవుడి దయవల్ల దెబ్బలేం తగల్లేదు.

కానీ అక్క చెంపకి రబ్బరు తగిలింది.

తెల్లటి టైల్స్ మధ్య గుండ్రటి నల్ల పట్టా, కాలు జారకుండా వేసే రబ్బరు మ్యాట్. ఆ వెలుతురులో, చూపు ఆనని కళ్ళకి... అది గొయ్యి కాక ఇంకేమిటి? తాతగారు తడి నేల మీద జారారు. ఇంకెవరూ జారకూడదని, నాలుగు షాపులు తిరిగి మరీ ఆ పట్టా తెచ్చి వేసింది అక్కే. తర్వాతి ముగ్గురూ దాన్ని దాటబోయే పడ్డారు.

అక్క పట్టా చుట్టి అవతల పారేసింది. టీచరమ్మ ఉత్త నేలకేసి చూసింది.

"ఎవరు పూడ్చారే?"

"నేనేనమ్మా."

"మరి తవ్విందెవరు?"

తెల్లారాక అక్క పెద్ద నర్సు ముందు నిలబడి, "కట్టాలంటే నన్ను కట్టండి, ఆవిణ్ణి వదిలేయండి" అని భోరుమంది.