లూసియమ్మ పళ్ళెం

చీకటి పడ్డాక చర్చి వెనక సందులో ఎవరూ నడవరు. తప్పనిసరైతే పరిగెడతారు. బేకరీ ఆయన సైకిలు అక్కడే వదిలేసి మరీ పరిగెత్తాడు. మర్నాడు అడిగితే, డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడని చెప్పాడు.

ఆయన విన్నదేమిటంటే — గోడ మీద గోళ్ళ చప్పుడు. గర్... గర్... కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ గర్...

ఆ గోడ గూటిలో పునీత లూసియమ్మ సున్నపు బొమ్మ ఉంది. చర్చి బొమ్మల్ని ముఖం చూసి పోల్చుకోలేం, అందరూ ఒకే తల్లి కడుపున పుట్టినట్టుంటారు. చేతిలో ఏముందో చూడాలి. తాళాలుంటే పేతురు. లిల్లీ పువ్వూ బాల యేసూ ఉంటే అంతోనివారు. లూసియమ్మకైతే ఒక చేతిలో మతం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షులకుండే ఖర్జూరపు మట్ట, రెండో చేతిలో పళ్ళెం, పళ్ళెంలో రెండు కళ్ళు. విశ్వాసం కోసం పోగొట్టుకున్న కళ్ళు. చూపు మందగించినవాళ్ళు వాటిని తడిమి దణ్ణం పెట్టుకునేవాళ్ళు.

ఆ మధ్య బొమ్మకు రంగులేసింది మన మెల్లకన్ను పెయింటరు. అతని కళ్ళు బాగానే ఉన్నాయి. అతను బొమ్మ వేసినవాళ్ళకే మెల్ల వస్తుంది. దర్జీ బోర్డు మీద కోటు వేసుకున్న పెద్దమనిషి ఇప్పటికీ గిరాకీని పక్క కొట్టు వైపే చూపిస్తుంటాడు. పళ్ళెంలోని కళ్ళు అప్పటికే పెచ్చులూడుతున్నాయి. బాగుచెయ్యడం తన వల్ల కాదని, వాటిని గీకేసి, రెండు తెల్లటి గుండ్రాలు వేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

కళ్ళు పెచ్చులూడి వాటంతటవే పోయాయనుకున్నారు జనం. కోళ్ళు పెంచే అత్త మాత్రం అవి గుడ్లనుకుని కొవ్వొత్తి వెలిగించడం మొదలుపెట్టింది. కోళ్ళు బాగానే పెడుతున్నాయట.

చప్పుడు మొదలయ్యాక, "లూసియమ్మ తన కళ్ళు వెతుక్కుంటోంది" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి పెయింటరుకు నిద్ర పట్టలేదు. కళ్ళు తీసిందెవరో తెలిసింది అతనొక్కడికే. ఒక రాత్రి — మెల్లదైనా సరే, కన్నంటూ ఉండాలని — రంగు డబ్బా పట్టుకుని సందులోకి వచ్చాడు.

గర్... గర్...

గూటి ముందు ఒక ఆకారం. తల మీద ముసుగు. చెయ్యి పళ్ళెం మీద పాకుతోంది... ఒక్కో వేలూ విడివిడిగా...

రంగు డబ్బా గుండెలకు హత్తుకుని గోడకు నక్కాడు.

ఆ ఆకారం గుసగుసగా అంది — "నేనేం తప్పు చేశాను తల్లీ? నా చేతికి అందకుండా కళ్ళు దాచేసుకున్నావు..."

అమ్మ గొంతు!

చూపు తగ్గిపోతున్న అమ్మ. పగలు వస్తే, కళ్ళు పోయింది నీ పాపానికేనా అని జనం అడుగుతారని, ఇంట్లో అందరూ పడుకున్నాక వచ్చి వెతుకుతోంది. రంగు కింద ఉన్నాయేమోనని గోకుతోంది.

"చెల్లెలితో మాట్లాడ్డం మానేసినందుకా? ఆయన చివరి రోజుల్లో విసుక్కున్నందుకా?" బతుకులోని చిన్న చిన్న తప్పులన్నీ ఏరి ఏరి ఆ ఖాళీ పళ్ళెంలో పెడుతోంది.

అతనిక వినలేకపోయాడు.

"నీ తప్పేం లేదు..." అన్నాడు. గొంతు బొంగురుపోయి, ఎవరిదో అన్నట్టు వినపడింది. "కళ్ళు... ఆ కళ్ళు..."

ఆమె మోకాళ్ళ మీద పడింది. "మాట్లాడావా తల్లీ!"

అమ్మ గొంతులో అంత సంతోషం విని ఎన్నాళ్ళయిందో. మిగతా మాట అతని నోట్లోనే ఉండిపోయింది. గోడ పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి, ఆమె కన్నా ముందే ఇల్లు చేరి, దుప్పటి ముసుగేసుకున్నాడు. చెప్పులతోనే.

లూసియమ్మ తనతో మాట్లాడిందని అమ్మ చెప్పింది, తెల్లారేసరికి ఊరంతా సందులోనే ఉంది. తనకు ఆ సంగతి ముందే తెలుసనీ, సైకిలు అక్కడ భక్తితోనే వదిలాననీ బేకరీ ఆయన అందరికీ చెబుతున్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ కొడుకు ఎదురుగా కూర్చుంది.

"నా తప్పేం లేదందిరా" అంది. "ఇంకేదో కూడా చెప్పబోయింది... గొంతుకు అడ్డం పడ్డట్టుంది, పాపం."

అతను కలిపిన అన్నమే మళ్ళీ కలుపుతున్నాడు.

ఆమె బల్ల మీద తడుముకుంటూ నీళ్ళ గ్లాసు పట్టుకుని, మెల్లగా అతని ముందుకు జరిపింది.

"ముందు ఇవి తాగరా. మిగతాది తర్వాత చెబుదువుగాని."