ఏడాదైనా పోని మొగలి వాసన

ఇర్ఫాన్ కన్నతల్లి శవానికి చుట్టే కఫన్‌కు నకిలీ అత్తరు పూయించాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

సంగతి తండ్రి సర్దార్‌కు తెలిసింది భార్య నూర్ బీ పోయిన ఏడాదికి, 2001 జూన్‌లో ఒక పొద్దున. మచిలీపట్నంలో ముప్పై రెండేళ్ళుగా అత్తరు అమ్ముతున్న మనిషి. ఏడాది ఫాతెహా ప్రార్థనలకు ఆమె చీరలు పేదలకు ఇద్దామని ట్రంకుపెట్టె మూత తీశాడు. ఆమెను ఖననం చేసిన రోజు నుంచి దాన్ని ముట్టుకోలేదు. పైనే ఆమె నమాజుకు కప్పుకునే తెల్ల ఓణీ ఉంది. కఫన్ గుడ్డకు మొగలి అత్తరు పూసిన రోజు అతను చేతులు తుడుచుకున్నది ఆ ఓణీకే.

వాసన మొహాన కొట్టింది.

మొగలిపూలను బట్టీలో మరగబెట్టి, ఆవిరిని గంధపు నూనెలోకి దించితే అసలు అత్తరు. నెలలు గడిచేసరికి పువ్వు వెళ్ళిపోయి అడుగున గంధం చల్లగా మిగులుతుంది. ఈ ఓణీలో గంధం లేదు. మొగలి మాత్రం నిన్న పూసినట్టే ముక్కు కోస్తోంది. ఏ పువ్వూ ఎరగని సెంటు నూనె. సర్దార్ లేచాడు. పెరట్లోకి వెళ్ళి ఉమ్మాడు. మళ్ళీ ఉమ్మాడు.

ఇర్ఫాన్ వసారాలో టీ తాగుతున్నాడు. సర్దార్ ఓణీ తెచ్చి అతని ఒళ్ళో పడేశాడు.

"ఆ రోజు నాకిచ్చిన సీసాలో ఏముందిరా?"

బరంపురం నుంచి వచ్చిన అసలు సరుకేనని ఇర్ఫాన్ ముందు బొంకాడు. తండ్రి కదలకపోయేసరికి గ్లాసు కింద పెట్టి ఒప్పుకున్నాడు. తల్లి పోవడానికి రెండు నెలల ముందే ఆ సీసాలో బొంబాయి సెంటు నూనె నింపాడట. గుడివాడ నుంచి వచ్చేవాళ్ళు ఘాటుగా ఉన్నదే అడుగుతారట. అసలుది చూపిస్తే నీళ్ళలా ఉందేంటండీ అంటారట.

"వాళ్ళకి అమ్ముకో. మీ అమ్మకెందుకిచ్చావు?"

"ఇంటినిండా జనం, అబ్బా. మీరు చెయ్యి చాపారు. అసలుది కొట్లో లేదని అందరిముందూ ఎలా చెప్పను?"

"నోరు పడిపోయిందా?"

"పడిపోయింది."

"మీ అమ్మని లాడ్జీ గదిలా కంపుకొట్టించి పంపావు. థూ."

ఇర్ఫాన్ మొహం ఓణీలో దాచుకుని ఏడ్చాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "గుడ్డకి పూసింది మీరే కదా. మూత తియ్యగానే కనిపెట్టేస్తారు, నలుగురిలో చెంప పగలగొడతారు అనుకుని అక్కడే నిలబడ్డాను. మీకు తెలీలేదా?"

సర్దార్ గుమ్మంలో కూర్చున్నాడు. ఆ రోజు శవానికి స్నానం చేయించే ఆడవాళ్ళు లోపల గుడ్డ కోసం ఎదురుచూస్తున్నారు. సీసా మూత తీసి అతను ఊపిరి బిగబట్టాడు. పీలిస్తే, బతికినన్నాళ్ళూ మొగలి అంటే ఆమె చావే అవుతుందని భయం. ఆ ముప్పై రెండేళ్ళలో అతను వాసన చూడకుండా పూసింది ఆ ఒక్క గుడ్డకే.

"ఊపిరి బిగబట్టానురా," అన్నాడు.

ఇద్దరూ కొట్టుకు వెళ్ళారు. ఇర్ఫాన్ ఆ నూనె సీసాను మురుగుకాలవలో వంచాడు. కుళ్ళు మీద మొగలి గుప్పుమంది. పక్క కొట్టువాళ్ళు ముక్కులు మూసుకున్నారు. సర్దార్ మాత్రం కాలవ మీదికి వంగి, చివరి బొట్టు దాకా ఆ వాసన పీల్చాడు. కళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"అబ్బా..." అని తండ్రిని పిలిచాడు ఇర్ఫాన్.

"సీసా కడుగు. ఈ సంగతి ఇక నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను."